కరక్కాయ పట్టిన పాదాలు

మొన్న గురువారం కాక అంతకు ముందు గురువారం, ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ మా ఇంటికి వచ్చి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. నాకు షుగరు ఉందని తేలి నాలుగేళ్ళు కావడం వల్ల, ఆ పిల్ల నెలకోసారి వచ్చి వేలు గుచ్చి చూసి, మాత్రలిచ్చి వెళ్ళడం మామూలే. ఈసారి మాత్రం కింద మెట్టు మీద కూర్చుని, నా కాళ్ళు తన మోకాలి మీదకు తీసుకుని, సంచీలోంచి గాలం దారంలాంటి సన్నని నైలాను తీగ ఒకటి తీసింది.

"కళ్ళు మూసుకోండి మామ్మగారూ. అరికాల్లో నేను తాకినప్పుడల్లా తెలుస్తోందని చెప్పండి, అంతే."

కళ్ళు మూసుకున్నాను. బొటనవేలి కింద తాకింది, తెలిసింది, చెప్పాను. పాదం మధ్యలో తాకింది, అదీ తెలిసింది. ఆ తరవాత ఎడమ కాలికి వచ్చినప్పుడు నాకు ఏమీ తెలియలేదు కానీ, ఆ పిల్ల చేతి మట్టిగాజులు గలగలమన్నాయి, అంటే చెయ్యి కదిలిందన్నమాట, తాకే ఉంటుంది. "తెలుస్తోందమ్మా" అన్నాను. మళ్ళీ గాజులు మోగాయి, మళ్ళీ అదే మాట అన్నాను. ఆ పిల్ల నా కార్డులో వరసగా టిక్కులు పెట్టి, "మీ కాళ్ళకేం మామ్మగారూ, బంగారం" అని మెచ్చుకుని, ఈసారి మాత్రలు తక్కువొచ్చాయని వచ్చే గురువారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. గాజుల చప్పుడు విని తెలుస్తోందని చెప్పిన మనిషిని నేనంతకు ముందు ఒక్కరినే ఎరుగుదును. ఆయన మా ఆయన.

మాది పెడన. నేను పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ అవతల ఒక చిన్న ఊళ్ళో. పదహారో ఏట ఈ అద్దకం పనివాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చాను. నాతోటి వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా ఊరి కాలవ పక్కన ఎటు చూసినా ఆరేసిన గుడ్డలే ఉండేవి. తెల్లగుడ్డని కరక్కాయ నీళ్ళలో తొక్కి ఆరబెట్టేవాళ్ళం, అచ్చులతో నలుపూ పటికా అద్దేవాళ్ళం, పారే కాలవలో ఉతికేవాళ్ళం, ఆ తరవాత రాగి కాగులో చెట్ల వేళ్ళూ ఆకులూ వేసి గుడ్డని ఉడకబెడితే, పటిక పడిన చోటల్లా ఎరుపు తేలేది. నలుపు మాత్రం ఇంట్లో తయారుచేసేదే. తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ, ఉయ్యూరు వైపు నుంచి వచ్చే నల్లబెల్లమూ నీళ్ళలో వేసి, పెద్ద జాడీల్లో రోజుల తరబడి పులియబెట్టేవాళ్ళం. ఆ పులిసిన వాసన మా గోడలకి, చీరలకి, తినే అన్నానికి కూడా పట్టి ఉండేది. కొత్త కోడలిగా వచ్చిన నెల రోజులూ నాకు ముద్ద దిగలేదు. మా అత్తగారు నవ్వి, ఆర్నెల్లు పోతే ఈ వాసన లేకపోతేనే నీకు నిద్రపట్టదే అన్నారు. ఆవిడన్నట్టే అయింది.

ఆ కరక్కాయ నీళ్ళ సంగతొకటి చెప్పాలి. అది పట్టిన చోట ఇనుప నీళ్ళు పడితే అక్కడ నలుపు పుట్టుకొస్తుంది, గుడ్డకైనా చర్మానికైనా అంతే. గుడ్డలు కాళ్ళతోనే తొక్కేవాళ్ళు కనక మా ఇళ్ళల్లో మగవాళ్ళ పాదాలకి కరక్కాయ పట్టి ఉండేది, దాని మీద జాడీలోంచి నాలుగు చుక్కలు చిందితే వేళ్ళు నల్లబడి, వారాల తరబడి పోయేవి కావు. బందరు బస్సులో ఎవరి కాళ్ళు నల్లగా కనిపించినా, మన పెడన మనిషే అనుకునేవాళ్ళం. అది సిగ్గుపడే విషయం కాదు మాకు.

మా ఆయన పని ఉతుకూ ఉడకా. పొద్దున్నే మోకాలి లోతు కాలవలో దిగితే ఎండెక్కేదాకా అక్కడే ఉండేవారు, ఆ తరవాత కాగు దగ్గర. ఎరుపు తేల్చడంలో ఆయన చెయ్యి ఊళ్ళో పేరున్న చెయ్యి. కాగు మూత తీసి ఆవిరి వాసన చూసి, ఇంకో రెండు దుంగలు చాలు అనేవారు, తీసి చూస్తే సరిగ్గా అంతే పండి ఉండేది. నలభై దాటాక ఆయనకి ఇంకో పేరు కూడా వచ్చింది. పొయ్యిలోంచి నిప్పు కణికలు బయటికి దొర్లితే, కర్ర కోసం చూడకుండా ఉత్త మడమతో లోపలికి నెట్టేసేవారు. చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. ఆయనతో పాటు ఉడక పనిచేసే ఒకాయన, "బావా, ఆ కాలు మన కమ్మరాయనకి ఇచ్చెయ్, పట్టకారు పని లేకుండా పోద్ది" అనేవాడు.

"ఇస్తాగానీ అద్దెకి" అనేవారు ఈయన, ఇంకో కణికని కావాలనే నెడుతూ.

మా అత్తగారు మురిసిపోయేవారు, పొయ్యి ముందు పుట్టిన కాళ్ళు, వాళ్ళ తాతవీ అంతేనని. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు చెప్పాలి. కాలి మీద వేడి నీళ్ళు ఒలికి బొబ్బ లేచినా ఆయన చూసుకునేవారు కాదు, సాయంత్రం నేను చూసి వెన్న రాసేదాన్ని. మంచి ఓర్పున్న మనిషిని కట్టుకున్నాననుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన చిక్కిపోవడం మొదలైంది. కడవ నీళ్ళు ఒక్కరే తాగేసేవారు. కాగు వేడికి ఒంట్లో నీరు నిలవడం లేదని అత్తగారు సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేవారు, అందులో పంచదార కూడా వేసి. దొడ్లో ఆయన ఒంటికి వెళ్ళిన చోట చీమలు పట్టేవి. ఇంకో ఇంట్లో అయితే ఎవరైనా ఇదేమిటని అడిగేవారేమో. మా ఇంట్లో బెల్లం జాడీల వల్ల చీమలెప్పుడూ ఉండేవే, ఎవరడుగుతారు?

గుడివాడలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ వైద్య శిబిరం ఒకటి పెట్టారు. చూపు కొంచెం మసకగా ఉందని ఆయన అద్దాల కోసం వరసలో నిలబడ్డారు. అప్పట్లో గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచి చూసేవారు. ముందున్న వాళ్ళవి నీలంగానే ఉండిపోయాయట, ఒకరిద్దరివి ఆకుపచ్చకి తిరిగాయట. ఈయనది మాత్రం ఇటుక ఎరుపులోకి తిరిగింది. తిరుగు ప్రయాణంలో బస్సంతా వినపడేట్టు ఆ రంగు గురించే చెప్పారు. "చిటికెలో వచ్చిందే! వేళ్ళు లేవు, పటిక లేదు, నీలంలోంచి ఎరుపు! అంత ఎరుపు మన కాగులో ఏనాడన్నా వచ్చిందా?" అని. ఆ తరవాత ఒకావిడ పత్తి చుట్టిన పుల్లతో అరికాళ్ళు తాకుతూ తెలుస్తోందా అని అడిగిందనీ, తనకి ఒక్కటీ తెలియకపోయినా ఆవిడ గాజులు గలగలమన్నప్పుడల్లా తెలుస్తోందండీ అని చెప్పాననీ, ఆవిడ నమ్మేసిందనీ నవ్వారు. నేనూ నవ్వాను. కిటికీ పక్కన కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను.

శిబిరంలో ఇచ్చిన మాత్రలు నెల రోజులు వేసుకున్నారు. అయిపోయాక బందరు ఆసుపత్రికి రమ్మన్నారు గానీ, నొప్పి లేదు, జ్వరం లేదు, ఉతుకు పని మానుకుని ఎందుకు వెళ్ళడమని ఊరుకున్నారు. వాళ్ళు ఇచ్చిన అచ్చు కాగితం ఒకటి తెచ్చి నా చేతికిస్తే, ఆయనకీ చదువు రాదు, నాకూ రాదు కనక, అచ్చులు పెట్టుకునే పెట్టెలో అడుగున పరిచాను. దళసరి కాగితం, అచ్చులకి చెమ్మ తగలకుండా బాగుంటుందనుకున్నాను.

రెండేళ్ళు గడిచాయి. ఆ వేసవిలో మామూలుగానే కాలవలు కట్టేశారు. నీళ్ళు లేకపోతే మాకు ఉతుకు లేదు, ఉడక లేదు, జాడీలు కూడా ఒంపేసి కడిగి బోర్లించేవాళ్ళం. నెల తిరిగేసరికి ఊళ్ళో మగవాళ్ళందరి కాళ్ళూ తెల్లబడ్డాయి, మా ఆయన కుడి కాలి బొటనవేలూ దాని పక్కదీ తప్ప. ఆ సంగతి మొదట కనిపెట్టింది మా అమ్మాయి. అప్పుడది అయిదో తరగతి.

"నాన్నా, అందరి రంగూ పోయింది, నీది ఇంకా ముదిరిందేంటి?"

"నోర్ముయ్యవే" అన్నారు మా అత్తగారు. "మీ నాన్న అందరికంటే ఎక్కువ పనిచేశాడు, అందుకే ఎక్కువ పట్టింది."

అదే వారంలో దివిసీమలో మా అన్నయ్య కూతురి పెళ్ళి వచ్చింది. వియ్యాలవారు చదువుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య ఈయన నల్లటి వేళ్ళతో పీట మీద కూర్చోవడం నాకెందుకో నచ్చలేదు. ఇనుప మరక పులుపుకి విరుగుతుంది, గుడ్డ మీద పొరపాటున నల్లచుక్క పడితే చింతపండుతో రుద్దడం మాకు తెలిసిన పనే. ప్రయాణానికి ముందు రోజు పొద్దున్న ఆయన్ని వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, చింతపండు పులుసూ కొబ్బరి పీచూ తీసుకుని ఆ వేళ్ళు తోమడం మొదలుపెట్టాను. ఆయన చుట్ట కాల్చుకుంటూ, చల్లపల్లి మీదుగా పోయే బస్సయితే కూర్చోడానికి చోటు దొరుకుతుందా లేదా అని మాట్లాడుతున్నారు. మరక విరగలేదు. ఇంకా గట్టిగా తోమాను.

"పోతోందా?" అన్నారు.

"పోతోందండీ" అన్నాను.

అప్పుడు పీచుతో పాటు గోరు ఊడి నా చేతిలోకి వచ్చింది. గోటి వెంట చర్మం కూడా వచ్చింది. కింద ఎర్రగా నెత్తురు రావాలి కదా, రాలేదు. నేను తలెత్తి ఆయన మొహం చూశాను. ఆయన చుట్ట నుసి దులుపుతూ, పోనీ తెల్లారుజామున మొదటి బస్సుకే పోదామే అంటున్నారు. నా ముక్కుకి ఒక వాసన తగిలింది. జాడీల వాసనే అనుకోబోయాను. జాడీలు ఒంపేసి నెల రోజులైందని గుర్తొచ్చింది. మూలన వరసగా బోర్లించి ఉన్నాయి అవి, ఎండి తెల్లబడి.

పెళ్ళికి వెళ్ళలేదు. బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ఇది ఎన్నాళ్ళుగా ఉందమ్మా అని అడిగింది. రంగనుకున్నామండి అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, ఏదో అనబోయి నా చేతుల వంక చూసింది. నా గోళ్ళ సందుల్లోనూ ఇంకా పోని నలుపే, కాకపోతే నాది రంగు.

మొదట వేళ్ళు తీశారు. అది ఆగలేదు, పాదం తీశారు. నలభై రోజుల తరవాత మోకాలి కింది దాకా తీశారు. ప్రతిసారీ ఇక్కడితో ఆగుతుందని మేము అనుకోవడం, డాక్టరమ్మ మాత్రం ఆ మాట అనకపోవడం. షుగరు ముందు నరాలని చంపుతుందనీ, అందుకే దెబ్బ తగిలినా కాలినా తెలియదనీ, అది కాళ్ళతో పోదనీ, కళ్ళకీ కిడ్నీలకీ గుండెకీ వస్తుందనీ ఆవిడ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. అంత నిదానంగా అంతకు ముందు నాకెవరూ ఏదీ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆయన పనిలోకి నేను దిగాను. ఆయన కాగు పక్కన బల్ల మీద కూర్చునేవారు, కర్ర ఆనించుకుని. ఏడాది తిరిగేసరికి కంటి లోపల నెత్తురు చిమ్మి చూపు పోయింది, మొదట ఒక కన్ను, సంక్రాంతి దాటాక రెండోది. నా ఉతుకు ఆయన ఉతుకు కాదు, పటిక సరిగ్గా వదిలేది కాదు, ఎరుపు మచ్చలు మచ్చలుగా వచ్చేది. గుడ్డ తీసినప్పుడల్లా అడిగేవారు.

"ఎట్టా వచ్చిందే?"

"మీ చేతి ఎరుపేనండీ."

"ఆ గాజు గొట్టంలో ఎరుపంత వచ్చిందా?"

"దానికంటే బాగా వచ్చింది" అనేదాన్ని. ఆయన వేళ్ళతో గుడ్డ నిమిరి తల ఊపేవారు. నమ్మారో లేదో నాకిప్పటికీ తెలియదు.

మాత్రలు చాలా ఉండేవి. చదవడం రాక ఒక్కో పెట్టెకి ఒక్కో రంగు దారం కట్టుకున్నాను. ఒకసారి దుకాణంలో వేరే పెట్టెలో ఇచ్చారు, ఇంకో మందనుకుని నేను షుగరు మాత్రే రెండుసార్లు వేశాను. మధ్యాహ్నం చూస్తే ఆయన ఒళ్ళంతా చెమట, నోట మాట లేదు. మా అమ్మాయి పరుగెత్తుకెళ్ళి జాడీల కోసం తెచ్చిన బెల్లం గడ్డ పగలగొట్టి ఆయన నోట్లో పెట్టింది. అలా ఆ రోజు గడిచింది. ఆ తరవాత ఒళ్ళు వాచింది, కిడ్నీలు వదిలేశాయన్నారు. మరుసటేడు కాలవలు వదిలిన వారానికి, ఒక మధ్యాహ్నం కాగు పక్క బల్ల మీదే వెనక్కి వాలి ఉన్నారు. నేను మూత తీస్తూ ఏదో అడిగాను, పలకలేదు. ఇలాంటివాళ్ళకి గుండె ఆగినా నొప్పి తెలియదట. నొప్పి తెలియకుండా పోయాడు, అదృష్టవంతుడు అని పరామర్శకి వచ్చిన వాళ్ళంతా అన్నారు. నేను తల ఊపాను గానీ, ఆ మాట ఈనాటికీ నాకు మింగుడుపడదు. నొప్పి తెలిసి ఉంటే బతికేవారు కదా.

మా అమ్మాయి పెళ్ళయి గుడివాడ వెళ్ళాక, యాభై రెండో ఏట నేను అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారంటే, పలక పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. మాత్రల పెట్టెల మీది అక్షరాల కోసమే మొదలుపెట్టాను, ఆ మాత్రలు మింగవలసిన మనిషి లేకపోయినా. కొన్నాళ్ళకి అచ్చుల పెట్టె సర్దుతుంటే అడుగున ఆ శిబిరం కాగితం కనిపించింది. కూడబలుక్కుంటూ చదివాను, పొద్దువాలేదాకా పట్టింది. చక్కెర వ్యాధి ఉన్నవారు రోజూ పాదాలు చూసుకోవాలి అని ఉంది. చెప్పులు లేకుండా నడవకూడదని ఉంది. వేళ్ళ రంగు మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని ఉంది. అన్నేళ్ళూ అది మా ఇంట్లోనే, రోజూ నా చెయ్యి తగిలే పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరి కాళ్ళకీ రంగు లేదు. డబ్బాల్లో వచ్చే రంగులు కలుపుకుంటున్నారు, పిల్లలు రబ్బరు బూట్లు వేసుకుని పనిచేస్తున్నారు, కాగులు కొన్ని పాతసామానుకి పోయాయి. కాలవ మీద ఆరేసిన గుడ్డలూ అప్పటంత లేవు. ముదినేపల్లి వైపు బస్సులో వెళ్తుంటే చేలున్న చోటల్లా చేపల చెరువులే. షుగరు మాత్రం ఇంటింటికీ వచ్చింది. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనావిడ కూడా, నాకు తినకముందు ఇంతండీ, మీకెంతండీ అని అడుగుతోంది. అప్పుడు మాకు తెలియక పోయింది, ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిసి కూడా నేను ఆ పిల్లతో అబద్ధం చెప్పాను.

ఎందుకు చెప్పానా అని వారమంతా ఆలోచించాను. నేనిప్పటికీ పొద్దున నాలుగు గంటలసేపు బల్ల దగ్గర నిలబడి అచ్చు వేస్తాను. కాలు మొద్దుబారిందని తెలిస్తే మా అమ్మాయి మర్నాడే వచ్చి నన్ను గుడివాడ తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆ కుర్చీ తరవాత ఏమొస్తుందో నేను ఒకసారి చూసినదాన్ని. భయమేసింది, అంతే. బస్సులో ఆయన నవ్విన ఆ నవ్వు మీద నాకు ఇన్నేళ్ళుగా కోపం. ఆయనదీ భయమేనని, కాలవలో నిలబడలేని మనిషికి ఇక్కడ ఏం పనుంటుందనే భయమని, నాకు ఆ గురువారం దాకా తోచలేదు.

మొన్న గురువారం నర్సమ్మ మాత్రలు తెచ్చింది. ఈ మధ్యలో నేను కార్డు తీసి, ఆ టిక్కుల కింద పెన్సిలుతో, ఎడమ కాలు తెలియలేదు అని రాసి పెట్టాను. ఆ పిల్ల చదివి నా మొహం చూసింది.

"అదేంటి మామ్మగారూ? అన్నీ తెలిశాయన్నారుగా?"

"నీ గాజులు చెప్పాయమ్మా. అవి తీసేసి చూడు."

ముందు నవ్వింది, తరవాత నవ్వలేదు. గాజులు ఒక్కొక్కటే తీసి మెట్టు మీద పెట్టి, నా ఎడమ కాలు మోకాలి మీదకు తీసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటూ కూర్చున్నాను.

"అయిపోయింది మామ్మగారూ" అంది ఆ పిల్ల.